శారద లేఖలు: ఎవరికి వ్రాసినవి?

కనుపర్తి వరలక్ష్మమ్మగారి “శారద లేఖల”ను ఆడవాళ్ల కబుర్ల కింద జమకట్టి పక్కన పెట్టేవారు అభ్యుదయవాదుల్లోనూ ఉన్నారు. ఆ అంచనాతో నాకు పేచీ ఉంది.

డాక్టర్ కేసరి 1928లో మద్రాసులో స్థాపించిన “గృహలక్ష్మి” మాసపత్రికలో ఈ లేఖలు కొన్నేళ్లపాటు వెలువడ్డాయి. శారద తన స్నేహితురాలు కల్పలతకు వ్రాస్తుంది. ఇద్దరూ కల్పిత వ్యక్తులే. ఇంటి సంగతులు, ఖద్దరు, ఉప్పు సత్యాగ్రహం, విడాకులు, శారదా చట్టం అన్నీ ఆ చనువులోనే దొర్లుతాయి.

శారదా చట్టాన్నే తీసుకుందాం. 1929లో శాసనమై 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఆ చట్టం పెళ్లికి కనీస వయస్సు ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లుగా నిర్ణయించింది. సనాతనులు శాస్త్రాలు తిరగవేశారు. సంస్కర్తలు ఎదురు శ్లోకాలు చదివారు. ఆనాటి కేంద్ర శాసనసభలో ఒక్క స్త్రీ సభ్యురాలైనా లేదు! ఎవరి బ్రతుకును గురించి చర్చ జరుగుతున్నదో వారికి అక్కడ నోరు లేదు. 1896లో పుట్టి 1909లో, అంటే చట్టం గీసిన గీతకు ఇవతలనే, పెళ్లయిన రచయిత్రికి ఇది వట్టి పుస్తకజ్ఞానం కాదు. స్నేహితురాలితో మాట్లాడే ఇల్లాలికి శ్లోకాల అవసరం లేదు. తన ఇంట్లో, పొరుగింట్లో చూసినదే ఆమెకు ప్రమాణం. ఉపన్యాసం చేయలేని పని ఉత్తరం చేసింది. శాసనసభలోని చర్చను వంటింటి గడప దాటించింది.

అయితే మేడిపల్లిలో నా దగ్గర చదువుకునే ఒక విద్యార్థిని సూటిగా అడిగింది: “మరి ఆ ఇళ్లల్లో అంట్లు తోమిన మనిషికి ఎవరు ఉత్తరం వ్రాశారు మాస్టారూ?” ఈ ప్రశ్నను దాటవేయడానికి వీల్లేదు. 1931 జనాభా లెక్కల నాటికి దేశంలో చదువు వచ్చిన స్త్రీలు నూటికి ముగ్గురైనా లేరు. పత్రిక కొని చదివే ఇల్లాలు ఆ కొద్దిమందిలోనిది. ఈ స్నేహం ఒక వర్గపు చావడిలో కుదిరిన స్నేహం. కూలికి పోయే స్త్రీ ఆ చావడిలోకి వచ్చినా సానుభూతికి పాత్రురాలిగానే వస్తుంది, స్నేహితురాలిగా రాదు. వరలక్ష్మమ్మగారి యెడల ఎంత గౌరవమున్నా ఈ మాట చెప్పక తప్పదు.

కాని ఆమె ఉత్తరంతో ఆగలేదు. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలిని నెలకొల్పారు. కాగితం మీది కల్పలత ఒక్కతే. మండలికి మాత్రం నడిచి వచ్చే మనుషులు కావాలి. ఆ రెంటినీ కలిపి చదివితేనే లేఖల విలువ తేలుతుంది. పాఠ్యభాగంగా ఒక లేఖను కత్తిరించి విద్యార్థుల చేతికిచ్చే అధ్యాపకులు ఈ రెండో సగాన్ని ఇంటి దగ్గరే వదిలివస్తున్నారు.