ఉట్నూరు కోట నుంచి ఉషేగావ్ కొలిమి దాకా

కిన్వట్ వాళ్లకు కోట చూడాలనిపిస్తే మొదట తోచేది మాహూరే. గోండుల తర్వాత బహమనీల చేతికి వెళ్లిన గిరిదుర్గం, దగ్గర్లోనే రాతిలో తొలిచిన పాండవ లేణి, కొండమీద రేణుకమ్మ, ఆ తల్లి ప్రసాదంగా దంచి ఇచ్చే తాంబూలం. తప్పకుండా వెళ్లాల్సిన చోటు. కానీ కోటతో పాటు, గోండు రాజుల జనం ఈనాటికీ పూజలో వాడుకునే చేతిపనిని కూడా చూడాలనుకునేవారికి నేను ఇంకో దారి చెబుతాను. తెల్లవారుజామునే బయల్దేరి ఆదిలాబాద్, అక్కణ్నుంచి గుడిహత్నూర్, ఇంద్రవెల్లి మీదుగా ఉట్నూరు, ఆపైన జైనూర్ వైపు ఉషేగావ్.

ఆ ఊళ్లు కిన్వట్‌కు పరాయివి కావు. 1956 నవంబరు 1 దాకా కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే. రాష్ట్రాల పునర్విభజనలో కిన్వట్ తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయి రాష్ట్రంలో కలిశాయి, నాందేడ్ జిల్లా కిందికి వచ్చాయి. జిల్లాలు మారినా గోండుల ఇంటిపేర్లు, వంశదేవతలు, వియ్యాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరకు మెస్రం వంశస్థులు మహారాష్ట్ర నుంచీ తరలివస్తారు.

ఉట్నూరులో గోండు రాజుల కోట ఉంది. పెద్దది కాదు. గోడలు, బురుజులు చూడటానికి అరగంట చాలు. వెంట గోండీ తెలిసిన స్థానికుడు ఉంటే మాత్రం అరగంట గంటవుతుంది. గోండు రాజుల చరిత్ర చాలావరకు కాగితం మీద లేదు. కిక్రి వాయిస్తూ పాడే పర్ధాన్ల నోట ఉంది. ఆ కథలు వినకుండా కోట చూడటం సగం చూడటమే. దారిలో ఇంద్రవెల్లి దగ్గర స్తూపం వద్ద ఆగండి. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆదివాసుల స్మారకం అది.

ఇక ఉషేగావ్. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఈ ఊళ్లోనూ కేస్లాగూడలోనూ ఓజా కుటుంబాలు ఇత్తడి పోత పోస్తాయి. బయటి ప్రపంచానికి ఇది డోక్రా. గోండులకు ఇది దేవుడి సామాను. వంశదేవత పెర్సపేన్ పూజలో కదిలే గంటలు, ఆటకాళ్ల గజ్జెలు, దేవతా ప్రతిమలు, ఆడవాళ్ల నగలు, దీపాలు ఓజాల చేతుల మీదుగానే వెళ్లాయి. గోండు ఇళ్లలో పూజ ఉన్నన్నాళ్లూ ఓజా ఇంట్లో కొలిమికి పని ఉంటుందని ఒకప్పటి లెక్క.

పని మట్టితో మొదలవుతుంది. పుట్టమన్ను జల్లించి, ఊకో పేడో కలిపి, చేయదలచిన వస్తువు ఆకారంలో లోపలి దిమ్మ చేస్తారు. అది ఎండాక పైన సన్నమట్టి పూసి నున్నగా చేస్తారు. అప్పుడొస్తుంది అసలు పని. తేనెమైనంలో గుగ్గిలం కలిపి కాచి, మెత్తగా ఉండగానే సన్నని దారాలుగా తీస్తారు. ఆ దారాన్ని దిమ్మ చుట్టూ వరసకు వరస ఆనించి చుడతారు. కన్ను, ముక్కు, చీర అంచు, నెమలి తోక, అన్నీ దారంతోనే. మైనం ఎంత మందాన ఉంటే రేపు ఇత్తడి అంతే మందాన ఉంటుంది. అందుకే వేలికి తెలియని ఎత్తుపల్లం పోతలో బయటపడుతుంది.

దారం పని అయ్యాక దానిమీద మళ్లీ మెత్తటి మట్టి. గీతగీతలోకీ దిగాల్సింది ఈ పొరే. ఆపైన ముతక మట్టి, ఇత్తడి లోపలికి వెళ్లడానికి దారి. మూస వేడెక్కితే మైనం కరిగిపోతుంది, లోపల మైనం ఆకారంలోనే ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. ఇత్తడి కరగడానికి దాదాపు 900 డిగ్రీల పైన వేడి కావాలి. అది కాగిందో లేదో చెప్పేది గడియారం కాదు, మంట రంగు. ఇత్తడిలోని జింకు ఆవిరై మండేటప్పుడు మంట పచ్చగా, తెల్లగా మారుతుంది. ఎంత ఇత్తడి కావాలో మైనం బరువును బట్టి తెలుస్తుంది. ఇత్తడి మైనం కంటే సుమారు తొమ్మిదింతలు బరువు. చల్లారాక మట్టి పగలగొడతారు. మూస మళ్లీ పనికిరాదు. కాబట్టి అచ్చం ఒకేలాంటివి రెండు ఎప్పటికీ పుట్టవు.

గజ్జె పోతలో నేర్పు చూడండి. లోపల మోగే గింజను ముందే మట్టి దిమ్మలో పొదుగుతారు. పోత పోశాక చీలికలోంచి మట్టిని గీకి తీసేస్తే గింజ మాత్రం లోపలే మిగిలి మోగుతుంది. అతుకు లేదు, మూత లేదు.

ఈ విద్య వయసు చెప్పడానికి మొహెంజొదారో నర్తకి చాలు. మైనం కరిగించి పోసే పద్ధతిలోనే ఆమె కంచు బొమ్మ పుట్టింది. మరో ఖండంలో, కొలంబియా కొండల్లోని మ్యూయిస్కా జనం కూడా మైనపు దారాలతో చిన్న బొమ్మల ముఖాలు, నగలు తీర్చి బంగారం పోశారు. బొగోటా బంగారు మ్యూజియంలో దాచుకున్న వాళ్ల బంగారు తెప్ప 1969లో దొరికింది. అది చూడటానికి లోకం నలుమూలల నుంచీ జనం వెళ్తారు. అక్కడ ఆ పోత పోసిన చేతులు ఎప్పుడో కనుమరుగయ్యాయి. ఉషేగావ్‌లో ఆ చేతులు ఇంకా పని చేస్తున్నాయి. నా దృష్టిలో ఈ తేడాయే పెద్దది.

ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు మంచిదే, అయితే దానివల్ల ఇత్తడి ధర తగ్గదు, తేనెమైనం దొరకదు. రోజులకు రోజులు పట్టే గంటకు, మరలో ఒత్తిన మెరుపు బొమ్మ ధర కట్టే కొనుగోలుదారు ఉన్నంతకాలం ఓజా ఇంటి పిల్లలు కొలిమి వదిలి కూలికి పోతారు. తప్పు వాళ్లది కాదు.

కొనేటప్పుడు వస్తువును చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. దారం చుట్టిన వరసలు కనిపించాలి, ఆ వరసలు కాస్త వంకరగా ఉండాలి. బోలు బొమ్మ లోపల కాలిన మట్టి ఆనవాలు ఉండాలి. నున్నగా, జతలు జతలుగా ఒకేలా ఉన్నవి వద్దు.

తిరుగు దారిలో మర్లవాయి చూడవచ్చు. గోండుల మీద 1948లో పుస్తకం అచ్చువేసిన హైమెన్‌డార్ఫ్ దంపతులు అక్కడే మకాం పెట్టి పనిచేశారు, వాళ్ల సమాధులూ అక్కడే. వారం అంగడి రోజు కలిసేలా వెళ్తే ఇంకా మంచిది. ఏ ఊరి అంగడి ఏ రోజో ముందే కనుక్కోండి.

ఒక్క మనవి. కోట చూడటానికి ఎవరూ డబ్బు లెక్కపెట్టరు, గంట కొనేటప్పుడు మాత్రం బేరం మొదలుపెడతారు. ఉషేగావ్‌లో బేరమాడకండి. చెప్పిన ధర ఇచ్చి, చేసినవారి పేరు అడిగి రాసుకుని, ఆ గంట ఎవరింటికైనా కానుకగా ఇచ్చేటప్పుడు ఆ పేరు కూడా చెప్పండి.