ఫోన్‌లో చెప్పగలిగే పేరు

మహబూబ్‌నగర్ నుంచి గద్వాలకు పోయే రైలు దారిలో వనపర్తి రోడ్ స్టేషన్ వస్తుంది. రైల్వే వారు ఇంగ్లిష్‌లో ఆ ఊరి పేరును టి, ఐలతో ముగిస్తారు. జిల్లా ప్రభుత్వ వెబ్‌సైట్ చిరునామాలో అది టి, హెచ్, వై. మొదటి అక్షరం రెండుచోట్లా డబ్ల్యూనే కానీ, వి తో రాసేవాళ్లకూ కొదవ లేదు. నాగర్‌కర్నూల్ చివర రెండు ఓలు వేసేవాళ్లు కొందరు, ఒక యూతో సరిపెట్టేవాళ్లు కొందరు. తెలుగులో రాస్తే ఈ తగాదాలేవీ లేవు. సొంత వెబ్‌సైట్‌కు డొమైన్ పేరు కొనుక్కుందామని కూర్చున్న మనవాళ్లకు మొదటి చిక్కు ఈ ఇంగ్లిష్ స్పెల్లింగు దగ్గరే వస్తుంది.

వనపర్తిలో నాకు తెలిసిన ఒక తెలుగు పంతులు తన పాటలు, చుట్టుపక్కల ఊళ్లలో సేకరించిన జానపదాలు ఒకచోట పెట్టుకోవాలని సైటు చేయించుకుంటున్నాడు. ‘ఏం పేరు పెడ్తే బాగుంటది సార్?’ అని ఫోన్ చేశాడు. అప్పటికే అయిదారు పేర్లు రాసిపెట్టుకున్నాడు. అన్నిటికన్నా ఆయనకు నచ్చింది ‘పాలమూరు పాటల పందిరి’. చదవడానికి ముచ్చటగా ఉంది. చుక్కకు ముందు 63 అక్షరాల దాకా పడతాయి కాబట్టి చోటుకూ ఇబ్బంది లేదు. గద్వాలలో ఉన్న వాళ్లక్కకు ఫోన్ చేసి ఆ పేరు ఒక్కసారే చెప్పమన్నాను. ఆమె ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా టైపు చేస్తుందో వాట్సాప్‌లో పంపమని అడగమన్నాను.

ఆమె పాలమూరుకు ఒకే ఏ పెట్టింది, చివర రెండు ఓలు వేసింది. పందిరిలో డి పక్కన హెచ్ చేర్చింది. ‘అట్ల కాదక్కా, పాలకు రెండు ఏలు’ అని ఈయన సరిచేస్తే, ‘మరి పాటలకు కూడా రెండా?’ అని ఆమె అడిగింది. చాలా సరైన ప్రశ్న. దీర్ఘానికి రెండు ఏలు వేయాలన్న నియమం మనం ఏ బళ్లోనూ నేర్చుకోలేదు. ఎవరి చేతికి వచ్చినట్టు వాళ్లు రాస్తాం.

అందుకే నేను ఎవరు అడిగినా పేరును ముందు చెవితో చూడమంటాను. బస్టాండు రొదలో ఫోన్‌లో ఒకసారి చెబితే అవతలివాళ్లు తిరిగి అడగకుండా కొట్టగలగాలి. హైఫన్ ఉంటే దాన్నీ నోటితో చెప్పాలి, అంకె ఉంటే అంకె వేయాలా, అక్షరాల్లో రాయాలా అన్నదీ చెప్పాలి. దీర్ఘాలు, ఒత్తులు తక్కువున్న పేరైతే సగం గొడవ వదులుతుంది.

ఆయన జాబితాలో టీఎస్ 32 అని కలిపిన పేరు కూడా ఒకటుంది. వనపర్తి బండ్ల నంబరు అది. కుర్రకారుకు ఆ కోడ్ మీద మమకారం ఉంటుంది, కాదనను. కానీ మన కళ్లముందే ఏం జరిగిందో చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్ జిల్లా మొత్తానికీ ఏపీ 22. తెలంగాణ వచ్చాక టీఎస్ 06. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాక నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, గద్వాలకు 33. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. బండి పాత ప్లేటుతోనే తిరుగుతుంది, కానీ సైటు పేరులో ఇరికించిన టీఎస్‌ను చూసినవాళ్లు ఇది ఎప్పటిదో అనుకుంటారు. ప్రభుత్వం పెట్టిన కోడ్‌ను ప్రభుత్వమే మారుస్తుంది. 1890లో నిజాం పేరు మీద మహబూబ్‌నగర్ అయిన ఊరిని జనం ఇప్పటికీ పాలమూరు అనే అంటున్నారు. సైటుకు ఊరి పేరు కావాలంటే జనం నోట్లో ఉన్నదే తీసుకోవాలి.

అసలు ఊరి పేరు పెట్టాలా, సొంత పేరు పెట్టాలా? ఈ ప్రాంతం మనిషే అయిన సురవరం ప్రతాపరెడ్డిని చూస్తే నాకు దారి దొరుకుతుంది. 1926లో ఆయన పెట్టిన పత్రికకు గోలకొండ అని పేరు. అది పదిమందిదీ కాబట్టి అందరికీ తెలిసిన చోటు పేరు పెట్టారనుకుంటాను. అందులో తాను రాసినప్పుడు రకరకాల మారుపేర్లు వాడారు. ఇన్నేళ్లకు ఆ మారుపేర్లు పరిశోధకులకే గుర్తు, సురవరం అంటే మాత్రం అందరికీ తెలుసు. నలుగురు కలిసి నడిపేదైతే ఊరి పేరు, ఒక్కరిదైతే ఇంటిపేరుతో సహా సొంత పేరు అని పంతులుకు చెప్పాను. ఇవాళ పాటలు రాసే మనిషి రేపు కథలు రాయొచ్చు, అప్పుడు ‘పాటల పందిరి’ అడ్డం పడుతుంది.

చుక్క తరువాత ఏముండాలన్నది అంత పెద్ద విషయం కాదు. డాట్ కామ్ దొరికితే సరే, లేకుంటే 2005 నుంచి అందరికీ తెరిచి ఉన్న డాట్ ఇన్ మనకు చక్కగా సరిపోతుంది. సోకుకోసం వేరే దేశాల తోకలు తగిలించుకోవద్దు. యుగోస్లావియా పోయాక డాట్ వైయూ కూడా 2010లో పోయింది, దానితో ఉన్న చిరునామాలన్నీ పనిచేయడం మానేశాయి.

తెలుగు లిపిలో ‘డాట్ భారత్’ ఉన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఇంటర్నెట్ మూల పట్టికలో అది 2011లోనే చేరింది. దాని కింద పేరు మొత్తం తెలుగులోనే రాసుకోవచ్చు. లోపల మాత్రం కంప్యూటర్లు ఎక్స్, ఎన్, రెండు హైఫన్లతో మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాల వరుసగా దాన్ని మార్చుకుంటాయి. ఎక్కడైనా కాపీ చేసి అతికిస్తే ఒక్కోసారి ఆ వరుసే బయటపడుతుంది. తెలుగు చిరునామాతో ఈమెయిల్ ఇస్తే ఒప్పుకోని ఫారాలూ ఇంకా చాలా ఉన్నాయి. ఆ కారణంగా అదొక్కటే చాలనలేను. అయినా రెండోదిగా తప్పక కొనమంటాను. రెండు ఏలా, ఒకటా అన్న ప్రశ్నే పుట్టని చిరునామా మనకు అదొక్కటే. మన పాటలు మన అక్షరాల్లో ఉన్న తలుపు తెరిచి వినేవాళ్లు పెరగాలంటే, ముందు ఆ తలుపు పెట్టేవాళ్లుండాలి కదా.

పంతులు చివరికి ఇంటిపేరు, తన పేరు కలిపి డాట్ ఇన్‌లో తీసుకున్నాడు. జనం ఎక్కువగా తప్పు రాసే మరో స్పెల్లింగ్ కూడా కొని, అది కొట్టినా ఇక్కడికే వచ్చేలా చేయించాడు. సైటు తయారుచేసే అబ్బాయి ‘నా అకౌంట్లో కొనేస్తా సార్’ అన్నాడట. మంచి పిల్లవాడే కావొచ్చు, కానీ ఎవరి ఈమెయిల్ మీద రిజిస్టరైతే పేరు వాళ్ల చేతిలో ఉన్నట్టే. రేపు అతను ఉద్యోగం మారి బెంగళూరు పోతే రెన్యువల్ సందేశం అతనికే వెళ్తుంది. గడువు దాటితే కొన్నాళ్లు ఎక్కువ డబ్బు కట్టి విడిపించుకోవచ్చు, ఆ తరువాత ఎవరైనా కొనుక్కోవచ్చు. కాబట్టి సొంత ఈమెయిల్, సొంత ఫోన్ నంబరు ఇమ్మన్నాను. ఒకేసారి పదేళ్లకు మించి కట్టించుకోరు. ఆయన అయిదేళ్లకు కట్టి, పాస్‌వర్డ్ భార్యకు కూడా చెప్పాడు.