ఇంటిలో కట్టిన రోల్‌కేజి: బలమెంత, భ్రమ యెంత?

పందెపు కారు దొర్లి బోర్లపడినప్పుడు పైకప్పు కుంగి లోపలి మనుష్యుల తలలపై పడకుండ, కారులోపల ఉక్కుగొట్టములతో అమర్చు చట్రమును రోల్‌కేజి అందురు. తెలుగులో రక్షణపంజరము అనవచ్చును. నడుపువాని ఆసనము వెనుక నిలుచు పెద్ద కమాను దీనికి ప్రధానచాపము. ముందుటద్దము వెంట పోవునది ముందుచాపము. ప్రధానచాపమును వెనుకకు పడకుండ పట్టునవి వెనుక ఊతలు. కోణమునుండి కోణమునకు పోవు కమ్మి, రేఖాగణితములోవలెనే, కర్ణము.

రాలీ పందెములలో దిగు ఔత్సాహికులు కొందరు దీనిని కొనక, గొట్టములు తెచ్చి వెల్డింగు దుకాణములో దగ్గరుండి కట్టించుకొందురు. ఇది తప్పు కాదు. అంతర్జాతీయ మోటారు సమాఖ్య నిబంధనలలో ‘జె’ అనుబంధము, 253వ ప్రకరణము పంజరమునకు మూడు దారులు చూపినది: అందలి పటములను, కొలతలను అనుసరించి కట్టుట, జాతీయ క్రీడాసంఘముచే ప్రమాణీకరింపజేయుట, సమాఖ్యచేతనే ప్రమాణీకరింపజేయుట. మొదటి దారి ఇంటిపనివానికి తెరచియే యున్నది. ఆ దారిని నడచినట్లు కనబడుచు మధ్యలో తప్పిపోయిన పంజరములే ఇచటి విమర్శకు విషయము.

ముందు గొట్టము సంగతి. ప్రధానచాపమునకు నిబంధన కోరునది అతుకు లేకుండ చల్లగా లాగిన కర్బనపు ఉక్కు. దాని తన్యబలము చదరపు మిల్లీమీటరునకు 350 న్యూటనులకు తగ్గరాదు. కొలత 45 మి.మీ. బయటి వ్యాసము, 2.5 మి.మీ. మందము, లేదా 50 మి.మీ. వ్యాసము, 2 మి.మీ. మందము. గొట్టమే ఎందుకు, కడ్డీ ఎందుకు కాదు అని విద్యార్థి అడుగుట న్యాయమే. మొదటి కొలత గొట్టములో ఎంత లోహమున్నదో అంత లోహముతో గట్టి కడ్డీ చేసిన దాని వ్యాసము 20.6 మి.మీ. మాత్రమే అగును. బరువు ఒకటే, కాని వంగుటకు గొట్టము చూపు నిరోధము కడ్డీకన్న ఎనిమిదిన్నర రెట్లు. లోహము మధ్యరేఖకు దూరముగ పోయినకొలది దానికి పని ఎక్కువ దొరకును. ఈ కారణముచేతనే రెండవ కొలత గొట్టము మీటరునకు పావు కిలో తేలికయై యుండియు, మొదటిదానికన్న నూటికి 15 వంతులు బిగువుగ నుండును. పలుచనిది బలహీనమను సామాన్యదృష్టి ఇచట పనికిరాదు.

ఒకటిన్నర అంగుళముల నీటిపైపు ఈ రెంటికన్నను దిట్టముగ కనబడును. ఒకటిన్నర యన్నది లోపలి రంధ్రమును బట్టి వచ్చిన పేరు. బయటి వ్యాసము 48 మి.మీ.లకు పైమాట, మందము 3 మి.మీ.ల దరిదాపు. ‘అడిగినదానికన్న మందమే గదా’ యను వాదము ఇచటనే పుట్టును. ఈ వాదము కొలత చూచినది గాని పుట్టుక చూడలేదు. సామాన్యమైన నీటిపైపునకు పొడవునా ఒక అతుకుండును. ఆ అతుకును పరీక్షించినది ముఖ్యముగ నీరు కారకుండుటకు. కారు బరువు క్రింద నలుగునపుడు చీలదను హామీ దానికెవ్వరును ఇయ్యలేదు. పైగా జింకుపూత యొకటి. జింకు 907 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగును, ఉక్కు కరుగుటకో 1,400 డిగ్రీలు దాటవలెను. కావున వెల్డింగు వేడికి పూత ఆవిరియై అతుకులో బుడగలు మిగుల్చును, ఆ పొగ పీల్చిన పనివానికి చలిజ్వరము తెచ్చును.

వంచుటలోను ఇట్టి పొరపాటే. గొట్టములో ఇసుక దట్టించి, కొలిమిలో ఎర్రగ కాల్చి వంచుట కమ్మరులకు తెలిసిన పాత ఉపాయము. మెట్ల పిట్టగోడకు కమ్మి చేయుటకు అది చాలును. పంజరమునకు చాలదు. చల్లగా లాగుటవలన ఉక్కుకు వచ్చిన అదనపు బలము కాల్చినచోట తగ్గిపోవును. అందుకే నిబంధన చల్లగనే వంచవలెననియు, వంపు వ్యాసార్ధము గొట్టపు వ్యాసమునకు మూడు రెట్లకు తగ్గరాదనియు, వంపువద్ద గొట్టము కోడిగ్రుడ్డువలె నొక్కుకొన్నచో చిన్న వ్యాసము పెద్దదానిలో పదింట తొమ్మిది వంతులైన ఉండవలెననియు చెప్పుచున్నది. మూడు రెట్ల వంపులో సైతము బయటి అంచు సుమారు ఆరవ వంతు సాగును. అచట గోడ ఆ మేరకు పలుచనగును.

నాలుగు రాటలు పాతి పందిరి వేసినవానికి ఒక సంగతి తెలియును: మూలలకు ఏటవాలు కట్టె కట్టనిచో పందిరి గాలికి ఒరుగును. నాలుగు పుల్లలను చివరలయందు గుండుసూదులతో గ్రుచ్చిన చతురస్రము వ్రేలితో తోయగనే వాలిపోవును. ఐదవ పుల్లను కర్ణముగ గ్రుచ్చిన కదలదు. తరగతిలో రెండు నిమిషముల పని. ఇంత సులభమైన ఈ సత్యమునే ఇంటి పంజరములు ఎక్కువగా మరచును. వెనుకసీటు వాడుకొనుటకు అడ్డమని కర్ణమును తీసివేయుదురు, లేక సీటుచుట్టు పోవునట్లు దానిని వంచుదురు. వంచిన కర్ణము కర్ణము కాదు. తిన్నని కమ్మి తన పొడవు వెంబడి నొక్కుడును మోయును; ముందే వంగియున్నది ఆ నొక్కుడునకు ఇంకను వంగును. కర్ణము తిన్నగ నుండవలెనని నిబంధన పట్టుపట్టుట ఇందువలననే.

పాదముల మాట అన్నింటికన్న ముఖ్యము, అన్నింటికన్న తక్కువగా పట్టించుకొనబడునది. పంజరము ఎంత గట్టిదైనను నిలుచునది కారు అడుగురేకుమీద. ఆ రేకు మందము 0.8 మి.మీ. అనుకొందము. 45 మి.మీ. గొట్టపు కోసిన అంచును దానిపై నిలిపి పైనుండి దెబ్బవేసిన, గొట్టము చెక్కుచెదరక రేకును చీల్చుకొని క్రిందికి దిగును. పైకప్పు, చాపము రెండును కలిసి తలమీదికి వచ్చును. అందుకే ప్రతి ప్రధానపాదము క్రిందను 3 మి.మీ. మందమున 120 చదరపు సెంటీమీటర్ల పలక ఉండవలెనని నియమము. గొట్టపు కోత వైశాల్యము 3.3 చదరపు సెం.మీ.లు గనుక పలక ముప్పదియారు రెట్లు పెద్దది. కాని రక్షణయు ముప్పదియారు రెట్లని మురియరాదు. రేకు చినుగునది అంచువెంబడి. గొట్టపు చుట్టుకొలత సుమారు 14 సెం.మీ.లు, 12 సెం.మీ.ల పొడవు, 10 సెం.మీ.ల వెడల్పు గల పలకది 44 సెం.మీ.లు. లాభము మూడు రెట్లే. నిబంధన వైశాల్యము నిర్ణయించి ఊరకొన్నది. ఈ భేదమును చదువరికి విప్పిచెప్పలేదు. అది దానిలోని లోపమే. పలకను బల్లపరుపుగ అడుగురేకు నడుమ అతికిన నియమము చెల్లును గాని ప్రాణము నిలువకపోవచ్చును. అదే పలకను మడచి, అడుగురేకును ద్వారము క్రింది పెట్టెవంటి దూలమును కలియు మూలకు అతికిన, బరువు నిలువురేకులలోనికి పోవును.

వెల్డింగునందు ఒక చిక్కు కలదు. పంజరము పైకప్పునకు ఎంత దగ్గరగ నున్న అంత మేలు. కాని అంత దగ్గర గొట్టపు పైభాగమునకు వెల్డింగుతుపాకి అందదు. ఓపికలేనివాడు క్రింది సగమే అతికి రంగు వేయును. తెలిసినవారు అడుగురేకులో రంధ్రములు కోసి, పంజరమును కొంత క్రిందికి దింపి, పైభాగమంతయు చుట్టు అతికి, తిరిగి పైకెత్తి, పాదముల క్రింద ఉక్కుపెట్టెలు నిలుపుదురు. రంగు వేసిన తరువాత ఈ రెండు పంజరములు ఒకటివలెనే కనబడుట విచారకరము.

ఇన్నియు సరిగ నున్నను పంజరమే ప్రాణాంతకమగు సందర్భమొకటి కలదు: దానిని వీధికారులో అమర్చి శిరస్త్రాణము లేకుండ తిరుగుట. గంటకు 36 కిలోమీటర్ల వేగము సెకనుకు 10 మీటర్లు. ఆ వేగమున తల ఉక్కుగొట్టమునకు తగిలి ఒక సెంటీమీటరులో ఆగినచో మందగమనము గురుత్వమునకు ఐదువందల రెట్లు. మెత్తని వస్తువులో ఆరు సెంటీమీటర్లు సాగి ఆగినచో ఎనుబదియైదు రెట్లు మాత్రమే. పందెగాడు శిరస్త్రాణము ధరించి, భుజములమీదుగ పట్టీలతో సీటునకు బిగింపబడి యుండును; తల తగులుచోట గొట్టమునకు గట్టి నురుగుతొడుగు ఉండును. వీధిలో పోవువానికి ఇవి లేవు. పైగా నేటి కార్లలో పైకప్పు అంచునుండి తెరవలె విచ్చుకొను గాలిసంచికి ఈ గొట్టములే అడ్డు. కారును ఈ రీతి మార్చుటకు మనదేశమున 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ విభాగము ఒప్పదనుట వేరే సంగతి. గట్టిగ చూచిన భౌతికశాస్త్రమే ఒప్పుకొనదు.

విద్యార్థులు స్వహస్తములతో పంజరము కట్టు చోటు మరియొకటి కలదు. అమెరికాలో 1976లో మొదలైన బాహా పోటీ, 2007 నుండి భారతదేశమున పీథంపూరులో బాహా ఎస్.ఎ.ఇ. ఇండియా పేర జరుగుచు వచ్చినది. తెలుగునాట ఇంజనీరింగు కళాశాలలును ఇందు పాల్గొనినవి. వారి నియమము 25 మి.మీ. వ్యాసము, 3 మి.మీ. మందము గల, నూటికి కనీసము 0.18 వంతు కర్బనమున్న ఉక్కుగొట్టమును ఆదర్శముగ నిలిపి, వేరే గొట్టము వాడదలచినవారు వంపునిరోధమునను బలమునను అది తీసిపోదని లెక్కకట్టి చూపవలెననును. కొలత చెప్పి ఊరకొనుటకన్న ఈ పద్ధతి మేలు. లెక్క వేసినవానికి ఇంకొకటియు తెలియును: ఖరీదైన క్రోమియం మాలిబ్డినం ఉక్కు తెగుటకు ఎక్కువ బలము కోరును గాని, సాగు ప్రథమదశలో సామాన్యపు ఉక్కుకన్న బిగువుగ నుండదు. దాని పేరు చెప్పి గొట్టపు వ్యాసమును, మందమును తగ్గించినవాడు వంపునిరోధమును పోగొట్టుకొన్నట్లే.

పూర్తియైన పంజరమును చూచువానికి గోడ మందము తెలియదు గనుక, అమెరికా స్పోర్ట్స్‌కారు క్లబ్బువారు గొట్టములో ముఖ్యము కానిచోట ఒక చిన్న రంధ్రము తొలిపించి కొలుతురు. అతుకు లోపలి సంగతి ఆ రంధ్రము చెప్పదు. దానికి ఇంటివాడు చేయదగిన పరీక్ష యొకటే: పని మొదలుపెట్టకముందే, అదే గొట్టపు తునకలు రెండింటిని అదే వెల్డరుచేత అతికించి, రంపముతో అడ్డముగ కోసి, లోహము ఎంత లోతునకు కరగి కలిసినదో చూచుట. దీనికి పట్టునది ఒక జానెడు గొట్టము, అరగంట కాలము.