ఇంజిన్‌ ఒడి

పాత బుల్లెట్ బండిని పక్కనుంచి గమనించిన వాళ్లకు తెలుసు. హ్యాండిల్ దగ్గర నుంచి దిగే ఒంటి గొట్టం ఇంజిన్ ముందే ఆగిపోతుంది. ఇంజిన్ అడుగున గొట్టమే లేదు, క్రాంక్‌కేసే ఫ్రేములో ఒక భాగమై బరువు మోస్తుంది. తారు రోడ్డుకు ఆ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. రాళ్ల మీదుగా ఎగిరి పడే బండికి మాత్రం చాలదు, నేల తగిలిందంటే దెబ్బ నేరుగా అల్యూమినియం కేసుకే. అందుకే మట్టి పందేల కోసం పాత స్క్రాంబ్లర్ బళ్లు కట్టేవాళ్లు రెండు గొట్టాలను ఇంజిన్ కిందుగా వెనక్కి నడిపించి, వెనక చక్రాన్ని పట్టే స్వింగ్‌ఆర్మ్ ఇరుసు దగ్గర ఫ్రేముతో కలుపుతారు. ఇంజిన్ కూర్చునే ఆ ఒడినే క్రేడిల్ అంటారు.

ఈ విద్యకు పేరు తెచ్చింది బ్రిటన్. 1950లో నార్టన్ రేసు బళ్లకు వచ్చిన ఫెదర్‌బెడ్ ఫ్రేము, ఇంజిన్‌ను రెండు గొట్టాల చుట్ల మధ్య పెడితే బండి ఎంత నిలకడగా మలుపు తిరుగుతుందో చూపించింది. దాన్ని రూపొందించినది బెల్‌ఫాస్ట్‌కు చెందిన రెక్స్ మెక్‌కాండ్లెస్. మట్టి పందేల్లో ఆ దారిని మలిచినవాళ్లు హాంప్‌షైర్‌లోని న్యూ మిల్టన్ అన్నదమ్ములు డెరెక్, డాన్ రిక్‌మన్. ఇద్దరూ స్వయంగా పందెగాళ్లు. ఒక కంపెనీ ఇంజిన్, ఇంకో కంపెనీ ఫోర్కు కలిపి బండి కట్టుకోవడంతో మొదలుపెట్టి, 1960లలో మెటీస్ పేరుతో సొంత ఫ్రేములు అమ్మారు. ట్రయంఫ్ ఇంజిన్ బిగించిన మెటీస్‌ను నటుడు స్టీవ్ మెక్వీన్ ఎడారి పందేల్లో నడిపాడు. నికెల్ పూత మెరుపు చూసి అందరూ ఆగిపోతారు కానీ, నాకు ఆ ఫ్రేముల్లో గొప్పగా తోచేది వేరు. ఇంజిన్ ఆయిల్‌ను గొట్టాల లోపలే నింపారు. విడి ఆయిల్ ట్యాంకు బరువు తప్పింది, గొట్టాలకు తగిలే గాలికి ఆయిల్ చల్లబడుతుంది. కానీ ఆ గొట్టాల అతుకుల్లో ఒక్కటి సరిగా పడకపోయినా ఆయిల్ కారి పనితనాన్ని బయటపెడుతుంది.

క్రేడిల్ కట్టే పనిలో గ్యాస్ టార్చి వెలిగించేది చివర్లో. అసలు పనంతా అంతకుముందే జరుగుతుంది. స్టీరింగ్ హెడ్, స్వింగ్‌ఆర్మ్ ఇరుసు, ఈ రెండింటినీ జిగ్ అనే బిగింపు చట్రంలో కదలకుండా పట్టి, వెనక చక్రం మధ్యరేఖను గీసుకుంటారు. లోపలి సామాను తీసేసిన ఖాళీ క్రాంక్‌కేసుకు సిలిండరు, హెడ్డు తగిలించి ఆ రెండింటి మధ్య నిలబెడతారు. ఇక బేరసారాలు మొదలవుతాయి. ఇంజిన్ ముందుకు జరిగితే ముందు చక్రానికి పట్టు పెరుగుతుంది, కానీ ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు చక్రం సైలెన్సర్ గొట్టానికి తగలకూడదు. పైకి లేపితే రాళ్లు తప్పుతాయి, బండి మాత్రం తలబరువెక్కుతుంది. గేర్‌బాక్స్ స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ ఒకే గీతలో ఉండాలి. ముందు స్ప్రాకెట్ స్వింగ్‌ఆర్మ్ ఇరుసుకు ఎంత దగ్గరుంటే, చక్రం ఎగిరి పడేటప్పుడు చైను బిగువు అంత తక్కువగా మారుతుంది. 1963కు ముందటి ట్రయంఫ్ 650 అయితే గేర్‌బాక్స్ విడిగా ఉంటుంది. ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే ప్రైమరీ చైను బిగించాలంటే గేర్‌బాక్స్‌ను వెనక్కి జరపాలి, కాబట్టి దాన్ని పట్టే ప్లేట్లలో పొడవాటి గాడి ఉండి తీరాలి.

చోటు ఖాయమయ్యాక అట్టముక్కలతో ప్లేట్ల నమూనాలు కోస్తారు, గొట్టాలు వంచుతారు. గొట్టానికి గొట్టం ఆనే చోట చివరను చేప నోరులా కోసి, ఆకురాయితో అరగదీస్తూ, రెండింటి మధ్య నుంచి వెలుతురు కనబడనంత వరకూ సరిచూస్తారు. విసుగు పుట్టించే పనే. అయినా మంచి పనివాణ్ని నేను పోల్చుకునేది ఇక్కడే. అతుకు మీద పోత ఎంత అందంగా ఉందనేది తర్వాతి మాట.

ఆనాటి మేలైన పందెపు ఫ్రేములు చాలావరకు రేనాల్డ్స్ 531 అనే మాంగనీస్, మాలిబ్డినం ఉక్కు గొట్టాలతో కట్టినవి. 1935లో వచ్చిన ఈ ఉక్కుకు పలుచటి గోడతోనే మంచి బలం ఉంది, అతిగా వేడెక్కితే మాత్రం అతుకు పక్కన పెళుసెక్కుతుంది. అందుకని గొట్టాన్ని కరిగించకుండా గ్యాస్ మంటతో బ్రాంజ్ కడ్డీని కరిగించి అతుకు చుట్టూ పోస్తారు. ఉక్కు కరగడానికి సుమారు 1500 డిగ్రీలు కావాలి, బ్రాంజ్‌కు 900 చాలు. ఇందులో ఒక కఠినమైన షరతు ఉంది. సరిపడని గొట్టాన్ని క్లాంపుతో లాగి పట్టి బ్రాంజ్ పోస్తే, కరిగిన లోహం బిగువులో ఉన్న ఉక్కు రేణువుల మధ్యకు చొచ్చుకుపోయి పగులు తెస్తుంది. బలవంతపు అమరికను ఈ పద్ధతి క్షమించదు. నాకు దీని మీద ఇంత గౌరవం అందుకే. పాత బ్రాంజ్ అతుకు విరిగితే దాని మీదే కరెంటు వెల్డింగ్ చేసేవాళ్లున్నారు. అదీ ఇదే కారణంగా పగులుతుంది. ఇప్పుడు 531 దొరకడం కష్టమై చాలామంది క్రోమ్‌మాలీ ఉక్కు గొట్టాలు, టిగ్ వెల్డింగ్ వాడుతున్నారు. కొత్త బండికి అది పూర్తిగా సబబే. పాత ఫ్రేమును బాగుచేసేటప్పుడు మాత్రం పాత పద్ధతే న్యాయం.

ముందు చిన్నచిన్న చుక్కలతో అన్నీ నిలబెట్టి, ఆపై ఎడమ ఒకటి, కుడి ఒకటి చొప్పున అతుకులు పూర్తి చేస్తారు. ఒకే పక్క వరసగా పోస్తే ఫ్రేము అటు గుంజుకుంటుంది. ఈ దశలో అల్యూమినియం కేసును తీసేసి, అదే కొలతల ఇనుప దిమ్మను బిగించి ఉంచడం మేలు. చల్లబరచడానికి నీళ్లు చల్లకూడదు, గాలికి వదిలేయాలి.

తర్వాత అసలు కేసు పెట్టి చూస్తారు. బోల్టులన్నీ చేతితో తోస్తే దూరిపోవాలి. ఎక్కడైనా సందు మిగిలితే లేత్ మీద తీసిన స్పేసర్ వేయాలి తప్ప నట్టు బిగించి సందు మూయకూడదు. ట్రయంఫ్ ట్విన్‌లో పిస్టన్లు రెండూ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. ఆ కుదుపుకు, ముందే బిగువులో ఉన్న కేసు చెవులు ఏదో ఒక రోజు చిట్లుతాయి. హెడ్డును పైగొట్టానికి కలిపే చిన్న పట్టీని కొందరు అలంకారం అనుకొని తీసేస్తారు, అది ఆ ఊపును ఆపడానికి ఉన్నదే.

చివరి పరీక్ష మెకానిక్ కోసం. ఫ్రేములో ఉండగానే రాకర్ బాక్సులు, హెడ్డు పైకి రావాలి. అడుగు గొట్టాల మధ్య నుంచి ఆయిల్ బోల్టుకు స్పానర్ అందాలి. ఇంజిన్ మొత్తం దించాల్సి వస్తే అది ఏ వైపు నుంచి బయటికొస్తుందో రంగు వేయకముందే ఒకసారి దించి చూడాలి.