బరువు మోసే బొమ్మలు

ఇంగ్లండ్ పడమటి అంచున, వేల్స్ కొండలకు దగ్గరగా, హెర్ఫర్డ్‌షైర్ ప్రాంతంలో కిల్‌పెక్ అని ఒక చిన్న పల్లె ఉంది. మేరీ మాత పేరునా, డేవిడ్ అనే పునీతుడి పేరునా వెలసిన అక్కడి ఊరి చర్చిని 1140 ప్రాంతంలో కట్టారు. ఆకాశాన్నంటే గోపురం లేదు. పక్క నడవాలు లేవు. గట్టిగా నాలుగడుగులు వేస్తే ఒక చివర నుంచి ఇంకో చివరకు చేరిపోతామేమో అనిపించేంత చిన్న కట్టడం. అయినా పన్నెండో శతాబ్దపు ఇంగ్లండ్ శిల్పం గురించి రాసే పండితులెవరూ ఈ పల్లెను తలుచుకోకుండా ఉండరు.

కిల్‌పెక్ మీద వచ్చిన రాతలు చాలావరకు అక్కడి బొమ్మల వింతల గురించే. నన్ను పట్టి నిలబెట్టింది మాత్రం మరో సంగతి. ఆ బొమ్మల్లో దాదాపు ఏదీ తరవాత తెచ్చి అతికించింది కాదు. ఒకటి చూరును ఎత్తిపడుతుంది, ఒకటి కమానులో తన వంతు బరువు మోస్తుంది, ఒకటి ఆ కమాను కాళ్ల కింద నిలబడుతుంది. బొమ్మనీ కట్టడాన్నీ విడదీసి చూస్తే ఈ చర్చి సగమే అర్థమవుతుంది.

కట్టడం తీరు సులువైనది. జనం నిలబడి ప్రార్థించే పొడుగాటి గది, దాని తూర్పున గురువులకు కాస్త ఇరుకైన గది, ఆ చివర బలిపీఠం ఉండే అర్ధవృత్తపు గది. పడమటి నుంచి తూర్పుకు పోయేకొద్దీ చర్చి సన్నబడుతుంది. ఫ్రాన్సు నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ల కాలంలో ఊరి చర్చికి ఇది మామూలు నమూనా. అప్పటి గోడలకు లోపలా బయటా రాతి వరసలు పేర్చి, నడుమ రాతి ముక్కలూ సున్నమూ కూరేవారు. మూలల్లోనూ కిటికీల చుట్టూనూ మాత్రం చక్కగా చెక్కిన రాళ్లు వాడేవారు. గోడలు మందం, కిటికీలు చిన్నవి. బయట అక్కడక్కడా గోడకు పలచగా అంటుకున్నట్టుండే పట్టీ స్తంభాలు. ఉత్తర దిక్కున ఒక మూల ఇంతకంటే పాత గోడ ముక్క ఒకటి మిగిలింది. నార్మన్లు రాకముందే ఇక్కడ ఆరాధన జరిగేదని అది చెబుతోంది.

ఇక తలెత్తి చూరు కింద చూడాలి. కట్టడం చుట్టూ గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రాళ్ల వరస కనబడుతుంది. వీటిని కార్బెల్స్ అంటారు. వాటి మీద ఒక పొడుగాటి రాతి వరస, ఆపైన కప్పు అంచు. వాన నీరు గోడ మీద జారకుండా దూరంగా పడాలంటే చూరు ముందుకు రావాలి, ముందుకు వచ్చినదానికి కింద ఆసరా కావాలి. కార్బెల్ పని అదే. దాని తల బయట కనబడుతుంది, తోక గోడ లోపల ఉంటుంది. ఆ తోక మీద గోడ బరువు కూర్చుంటేనే తల కిందికి ఒరగకుండా నిలుస్తుంది. కాబట్టి గోడ చూరు ఎత్తుకు లేచే నాటికి ఈ రాళ్లన్నీ కింద నేల మీదే చెక్కి సిద్ధంగా ఉండాలి. పరంజా మీదికి ఎక్కించి, పేర్చి, పైన బరువు పెట్టాక మళ్లీ మార్చుకునే వీలుండదు. శిల్పీ గోడ కట్టే మేస్త్రీ ఒకరి లెక్క ఒకరికి తెలిసి పనిచేస్తే తప్ప ఇది సాగదు.

ఇలాంటివి 85 మిగిలాయి. 1842లో జార్జ్ రాబర్ట్ లూయిస్ అనే చిత్రకారుడు వాటన్నిటినీ బొమ్మలు గీసి అచ్చు వేయించినప్పుడు 91 ఉండేవి. ఒక రాయి మీద కుక్కా కుందేలూ పక్కపక్కనే తలలు ఆనించి కూర్చున్నాయి. వేటాడేదానికీ పారిపోయేదానికీ నడుమ పగ ఏమైపోయిందో తెలియదు. ఒకచోట తీగల వాద్యం వాయించే మనిషి, ఒకచోట పెనవేసుకున్న ఇద్దరు, మరోచోట సిలువ పట్టిన దేవుని గొర్రెపిల్ల. పవిత్రమైనదీ పల్లెటూరి సరదా కూడా ఒకే వరసలో, ఒకే కొలతలో, ఒకే బరువు మోస్తూ ఉన్నాయి. ఈ సమానత్వం నాకు ఎంతో ఇష్టం.

వీటిలో అన్నిటికంటే పేరుపడ్డది షీలా నా గిగ్ అనే స్త్రీమూర్తి. తన జననాంగాన్ని రెండు చేతులా తెరిచి చూపుతుంది. కామానికి లొంగవద్దని హెచ్చరిక అని కొందరు, సంతానం కోసం మొక్కుకునే పాత దేవత అని కొందరు, దిష్టి తగలకుండా పెట్టారని ఇంకొందరు అంటారు. పండితులు ఇంకా తేల్చలేదు. చూసి నవ్వుకుని ఫొటో తీసుకుని పోయేవాళ్లు ఎక్కువ. ఆ రాయిని చెక్కిన చేయి మిగతా రాళ్లకు ఎంత శ్రద్ధ పెట్టిందో దీనికీ అంతే పెట్టింది. అది గమనిస్తే నవ్వు ఆగిపోతుంది.

దక్షిణపు గుమ్మం దగ్గర ఎంతసేపైనా నిలబడవచ్చు. గుమ్మం పైన అర్ధచంద్రాకారపు పలక మీద జీవవృక్షం. దాని చుట్టూ ఒకదాని మీద ఒకటి కమానులు. అర్ధవృత్తపు కమాను కట్టాలంటే ముందు చెక్కతో సెంట్రింగ్ వేసి, దాని మీద రెండు పక్కల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నడిమి రాయి దిగగొట్టాకే చెక్కను తీసేస్తారు. ఒక్కో రాయి పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. ఇక్కడి శిల్పులు ఆ ఆకారాన్నే తమకు అనుకూలం చేసుకున్నారు. లోపలి కమానులో రాతికొక ముక్కు పొడుగు పక్షి తలో, మృగం తలో చెక్కారు. కిందికి సన్నబడే రాయి వెంట ముక్కు కూడా సన్నబడుతుంది. బయటి కమానులో గొలుసులా అల్లుకున్న గుండ్రటి చట్రాల్లో పక్షులూ చేపలూ డ్రాగన్లూ. ఎడమ స్తంభం మీద వదులు లాగులు తొడుక్కున్న ఇద్దరు యోధులు తీగల నడుమ చిక్కుకున్నారు. కుడి స్తంభం తల మీద నోట్లోంచి ఆకులూ కొమ్మలూ మొలిచిన ముఖం. పక్కన పాములు ఒకదాని తోక ఒకటి కరుచుకుంటూ పాకుతాయి.

ఇంత పని ఇంత చిన్న పల్లెకు ఎలా వచ్చింది? అప్పట్లో ఇది చిన్న పల్లె కాదు. చర్చికి పడమట నార్మన్ దొరల కోట ఉండేది. దాని మట్టిదిబ్బా, గోడ ముక్కలూ ఇప్పటికీ ఉన్నాయి. వేల్స్ సరిహద్దును కాచే చోటు కాబట్టి డబ్బూ అధికారమూ ఇక్కడ చేరాయి. ఈ చర్చి కట్టించింది ఆ కోట దొర హ్యూ అంటారు. ఇదే ప్రాంతంలో షాబ్డన్ అనే ఊళ్లో ఆలివర్ డి మెర్లిమండ్ అనే మరో పెద్దమనిషి అంతకు కొద్దికాలం ముందు ఒక చర్చి కట్టించాడు. ఆయన స్పెయిన్‌లోని సాంటియాగో డి కాంపొస్టెలాకు యాత్ర వెళ్లి వచ్చినవాడు. ఆ దారిలో ఫ్రాన్సు పడమటి ఊళ్ల చర్చిలు తగులుతాయి. ఆయన వెంట శిల్పులు వెళ్లారో, ఆయనే అక్కడి పనివాళ్లను రప్పించాడో గానీ, ఆ యాత్ర తరవాత హెర్ఫర్డ్‌షైర్ రాయి తీరు మారింది. కిల్‌పెక్ లోపల, గురువుల గదికి దారితీసే కమాను స్తంభాల మీద పునీతుల మూర్తులు పక్కకు ముగ్గురు చొప్పున ఒకరి నెత్తిన ఒకరుగా నిలిచారు. ఈ పద్ధతి సాంటియాగోలోని పెద్ద చర్చి ద్వారాన్ని గుర్తు చేస్తుందని చరిత్రకారులు చెబుతారు. అల్లిబిల్లిగా పెనవేసుకునే పాములూ, పడమటి గోడలోంచి నోళ్లు తెరుచుకుని పొడుచుకొచ్చే డ్రాగన్ తలలూ ఉత్తరాది వైకింగుల వారసత్వం. పరాయి రీతులు ఇన్ని వచ్చి పడినా పని ఏకరూపంగా కనబడటానికి కారణం వాటిని చెక్కినవాళ్లు స్థానికులు కావడమే అని నా నమ్మకం. ఆ శిల్పుల పేర్లు ఎక్కడా లేవు. హెర్ఫర్డ్‌షైర్ శిల్ప సంప్రదాయం అని ప్రాంతం పేరుతోనే వాళ్లను పిలుస్తున్నారు. ఈర్డిస్లీ, కాసిల్ ఫ్రోమ్ ఊళ్లలోని బాప్తిస్మపు తొట్లు, బ్రిన్సప్‌లో డ్రాగన్‌ను పొడిచే పునీత జార్జి, స్ట్రెటన్ సుగ్వాస్‌లో సింహం నోరు చీల్చే సమ్సోను కూడా ఈ సంప్రదాయం వాళ్లవే.

షాబ్డన్ చర్చికి పట్టిన గతి తెలిస్తే కిల్‌పెక్ విలువ తెలుస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం నడిమిలో అక్కడి జమీందారు కుటుంబం పాత చర్చిని పడగొట్టి తమ కాలపు అభిరుచికి తగ్గట్టు కొత్తది కట్టించింది. పాత కమానులనూ గుమ్మాలనూ ఊడదీసి, తోట చివర గుట్ట మీద చూపు కోసం నిలబెట్టింది. రాళ్లను పారేయలేదు, నిజమే. కానీ పైన కప్పు లేదు, వెనక గోడ లేదు. రెండున్నర శతాబ్దాలకు పైగా వానలో నానీ మంచులో పగిలీ అవి చాలాచోట్ల ఆనవాలు పట్టలేనంతగా అరిగిపోయాయి. ఒకే సంప్రదాయం, దాదాపు ఒకే కాలం. కట్టడంలో పనిచేస్తూ ఉన్న రాయి నిలిచింది, అందం కోసం విడదీసిన రాయి పోయింది.

కిల్‌పెక్‌ను కాపాడింది ఒక రకంగా పేదరికమే. పద్నాలుగో శతాబ్దం తరవాత ఆ ప్రాంతం చితికిపోయింది. పాత ఊరు ఖాళీ అయి పొలాల్లో మిట్టపల్లాలుగా మిగిలింది. డబ్బున్న ఊళ్లు తమ చర్చిలకు కిటికీలు పెంచుకున్నాయి, నడవాలు చేర్చుకున్నాయి, గోపురాలు లేపుకున్నాయి. ఇక్కడ ఆ స్తోమత ఎవరికీ లేకపోయింది. పదిహేడో శతాబ్దంలో విగ్రహాలు పగలగొట్టిన ప్యూరిటన్ల చేతుల నుంచి ఈ బొమ్మలు ఎలా తప్పించుకున్నాయో ఎవరికీ తెలియదు. పందొమ్మిది, ఇరవై శతాబ్దాల్లో మరమ్మతులు చేసినవాళ్లు కూడా రాళ్లను వాటి చోట్లలోనే ఉంచారు. అందుకు వాళ్లకు దణ్ణం పెట్టాలి.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు లండన్ వంతెనలూ రాజభవనాలూ చూపించి పంపుతుంటారు. ఈసారి ఒక పూట కిల్‌పెక్‌కు కేటాయించండి. హెర్ఫర్డ్ నగరానికి నైరుతిగా తొమ్మిది మైళ్లు, అంతే. లోపలికి వెళ్లేముందు చర్చి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. బైనాక్యులర్లు ఉంటే తీసుకెళ్లండి, కార్బెల్స్ ఒక్కొక్కటీ నింపాదిగా చూడవచ్చు. గుమ్మం మీది బొమ్మలను మాత్రం చేత్తో తడమకండి. అది ఇసుకరాయి, తాకినకొద్దీ రాలుతుంది.