దాచుటయు ధర్మమే, తొలగించుటయు ధర్మమే

కార్యాలయపు దస్త్రములను భద్రపరచు పనిని మన సమాజము ఎన్నడును ఒక విద్యగా గౌరవింపలేదు; రికార్డు గది యనగా మెట్ల క్రింది చీకటికొట్టు అనియు, రికార్డు కీపరనగా మరి యే పనికిని కొరగాని ఉద్యోగి యనియు తలంచుట పెద్ద సంస్థలలో సైతము నేను చూచుచునే యున్నాను. ఐనను, ఒక సంస్థ తనను నమ్మినవారిని ఎంతగా గౌరవించునో తెలిసికొనగోరువానికి దాని అధ్యక్షుని ఉపన్యాసముకంటె దాని రికార్డు గదియే విశ్వసింపదగిన సాక్షి. 2023 ఆగస్టు 11వ తేదీన రాష్ట్రపతి ఆమోదము పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టమును చదివినప్పుడు, ఈ ఉపేక్షిత విద్యకు ఇన్నాళ్లకు తగిన స్థానము లభింపనున్నదని నాకు తోచినది.

గోప్యత పౌరుని ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా పలికినది. ఆ తీర్పు వేసిన పునాదిపై నిలిచిన ఈ చట్టమునకు 2025 నవంబరులో నియమావళి వెలువడినది. సంస్థలపై మోపిన ముఖ్యబాధ్యతలు అటుపై పదునెనిమిది మాసములకు అమలులోనికి వచ్చును. ఒక వ్యక్తి యే పనికై తన వివరముల నిచ్చెనో ఆ పని తీరినంతనే, లేక అతడు తన సమ్మతిని ఉపసంహరించుకొన్నంతనే, మరియొక చట్టము దాచుమని శాసించిననే తప్ప, సంస్థ వానిని తుడిచివేయవలెను. ఆ సంస్థ పక్షమున పనిచేయు కాంట్రాక్టరుల చేతను తుడిపింపవలెను. వివరముల భద్రతకు తగిన ఏర్పాట్లు చేయనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా గలదు.

ఇది మనకు పూర్తిగా క్రొత్త పాఠము కాదు. పూర్వపు మద్రాసు రాజధానిలోని మన జిల్లాల కలెక్టరు కార్యాలయములలో ఒక ఫైలును ముగించు గుమాస్తా, దాని ఆయుర్దాయమును ఆనాడే నిర్ణయించి సంఖ్యతోపాటు వ్రాసెడివాడు: ఆర్.డిస్. అన్నచో శాశ్వతముగా ఉంచవలసినది, డి.డిస్. పది సంవత్సరములు, కె.డిస్. మూడు, ఎల్.డిస్. ఒక సంవత్సరము. ఆ గడువు తీరిన కట్టను రికార్డు గది నుండి తీసి, రిజిస్టరులో నమోదుచేసి, అధికారి సంతకముతో నాశనము చేసెడివారు. దాచుటకు కారణము కావలసినట్లే తొలగించుటకును లిఖితమైన ఆధారము కావలెనన్న ఆ నియమమును నేను మన పరిపాలనలోని ఉత్తమ సంప్రదాయములలో ఒకటిగా ఎంచుదును.

కంప్యూటరు వచ్చి ఈ నిర్ణయభారమును మన భుజముల మీదనుండి దింపివేసినది. స్థలము చౌకయైనందున ఏది యుంచవలెను, ఏది తీసివేయవలెను అను ప్రశ్నయే లుప్తమైనది. ఉద్యోగము రాని అభ్యర్థుల కులధ్రువీకరణ పత్రములు, ఆధారు నకళ్లు, వైద్యపరీక్షల నివేదికలు ఏండ్ల తరబడి ఒక సంస్థ కంప్యూటరులలో పడియుండగా నేను చూచితిని. ఎందుకని యడిగిన, ఎప్పుడైన పనికివచ్చునని సమాధానము. పనికివచ్చుట ఎవరికి? ఒకే పత్రము ఈమెయిలులో నొకటి, గుమాస్తా ఫోనులో నొకటి, బ్యాకప్‌లో నొకటి, స్కానింగు కాంట్రాక్టరు యొద్ద నొకటిగా వ్యాపించియుండగా, యజమాని వచ్చి తుడిచివేయుమని కోరిననాడు ఎక్కడెక్కడ నున్నదో చెప్పగలవా రెవ్వరు? కావున ఏ వివరము ఎచ్చట నున్నదో తెలుపు పట్టికయే ఈ చట్టపాలనకు ప్రథమసోపానము. చట్టము కాగితముల జోలికి పోకున్నను, వానిని స్కాను చేసిన క్షణమున అవియు దాని పరిధిలోనికి వచ్చును. పాత కట్టలన్నిటిని విచక్షణ లేక కంప్యూటరున కెక్కించు ఉత్సాహవంతులు ఈ సంగతి గుర్తింపవలెను.

ఐతే తొలగింపు పేరిట తొందరపాటును నేను సమర్థింపను. మనీలాండరింగు నిరోధక చట్టము ప్రకారము బ్యాంకు తన ఖాతాదారుని గుర్తింపు పత్రములను అతని ఖాతా ముగిసిన పిదప సైతము ఐదేండ్లు ఉంచవలెను. కంపెనీల చట్టము లెక్కల పుస్తకములను ఎనిమిది ఆర్థిక సంవత్సరములు ఉంచుమనుచున్నది. ప్రతి దస్త్రవర్గమునకు ఎదురుగా గడువును, ఆ గడువుకు ఆధారమైన చట్టమును వ్రాసికొన్న సంస్థకు ఈ రెండు ధర్మముల నడుమ సంఘర్షణ యుండదు.

హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారమున షాజహాను, ఔరంగజేబుల కాలపు పారసీక పత్రములు గలవు. వానిలో సైనికుని ముఖలక్షణములను, అతని గుఱ్ఱపు గుర్తులను వర్ణించిన జాబితాలున్నవి. ఆనాడవి కేవలము వ్యక్తిగత వివరములు. నేడు దక్కను చరిత్రకు అమూల్యమైన ఆధారములు. పరిశోధనకును, పురాలేఖల పరిరక్షణకును ఈ చట్టము మినహాయింపు నిచ్చుట అందువలన ఎంతయు సముచితము. తొలగింపు నియమము నుండి ప్రభుత్వమునకును మినహాయింపు లభించినది. కాని అది పాత గుమాస్తా పాటించిన క్రమశిక్షణను విడనాడుటకు అనుమతి కారాదు.

సంస్థల నిర్వాహకులకు నా విన్నపమొక్కటే. రేపు మీరు క్రొత్త దరఖాస్తు ఫారము ముద్రింపబోవునప్పుడు, అందలి ప్రతి గడి యెదుట ఈ వివరము ఎందులకు, ఎంతకాలమునకు అని వ్రాసి చూడుడు. సమాధానము లేని గడిని ముద్రింపకుడు. మీ రికార్డు కీపరును చీకటికొట్టులోనుండి వెలికి పిలిచి, ఆ నిర్ణయము చేయు సభలో ఆసనమిండు.