మన్నే రేజర్, మెత్తగా గీసే రేజర్

రెండంచుల బ్లేడు వేసుకునే లోహపు రేజర్‌ను చూసి కొంటే తండ్రి తర్వాత కొడుకూ వాడుకోవచ్చు. చూడకుండా కొంటే ఆర్నెల్లకే మర దగ్గర పుటుక్కున విరుగుతుంది. లేదా మొదటి వారంలోనే మెడంతా మంట పుట్టించి అటకెక్కుతుంది. అలా దెబ్బతిన్నవాళ్ళు ఈ పద్ధతే మంచిది కాదనుకుని మళ్ళీ ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్‌ల దగ్గరికి వెళ్ళిపోతారు. నూట ఇరవై ఏళ్ళుగా కోట్ల మంది చేతుల్లో నలిగి నిగ్గుదేలిన పనిముట్టును ఇలా వదులుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. కొనేముందు రెండు సంగతులు చూసుకుంటే చాలు. దేనితో చేశారు? ఎంత మెత్తగా గీస్తుంది?

చర్మానికీ కత్తికీ మధ్య అడ్డు పెట్టాలన్న ఆలోచన పాతదే. ఫ్రాన్సులో కత్తులు చేసే జాన్ జాక్ పెరే 18వ శతాబ్దంలోనే క్షురకత్తికి చెక్క తొడుగు వేసి, అంచు కొద్దిగా మాత్రమే బయటికి వచ్చేట్టు చేశాడు. 1880లో న్యూయార్క్‌లో కాంఫే సోదరులు అడ్డుపట్టీ ఉన్న రేజర్‌కు పేటెంటు తీసుకున్నారు. అయితే వాళ్ళ బ్లేడు మందమైనది, ఎప్పటికప్పుడు తోలుపట్టీ మీద సానబెట్టుకోవాల్సిందే. బోస్టన్‌లో కింగ్ క్యాంప్ జిలెట్ పట్టుబట్టింది పల్చటి ఉక్కు రేకు కోసం. అంత పల్చటి రేకుకు పదును పెట్టడం కుదరదని తెలిసినవాళ్ళే పెదవి విరిచారు. విలియం నికర్సన్ అనే ఇంజినీరు దాన్ని సాధించాడు. 1903లో సరుకు బజారుకు వచ్చింది, 1904 నవంబరు 15న పేటెంటు దక్కింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులందరి సామానులోనూ చేరాక ఈ రేజర్‌కు ఇక తిరుగు లేకపోయింది.

జిలెట్ పేటెంటులోని కిటుకు ఒకటి తెలిస్తే ఏ రేజర్‌నైనా చదవడం వచ్చేస్తుంది. బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. అంత పల్చటి రేకు విడిగా ఉంటే వణుకుతుంది, దానితో గడ్డం తెగదు. పైమూతకూ అడుగు ప్లేటుకూ మధ్య పెట్టి పిడి బిగించినప్పుడు అది విల్లులా వంగుతుంది, ఆ వంపుతోనే గట్టిపడుతుంది. బ్లేడు పదును కంపెనీది. దాన్ని ఏ వంపులో, ఎంత గట్టిగా, చర్మానికి ఎంత దగ్గరగా పట్టుకోవాలన్నది రేజర్ పని. మంచీ చెడూ అంతా ఆ పట్టులోనే ఉంది.

ఆ బ్లేడు కొలతలు దాదాపు మారలేదు. పొడవు సుమారు 43 మిల్లీమీటర్లు, వెడల్పు 22. అందుకే ఇవాళ సందు చివరి కిరాణా కొట్టులో కొన్న టోపాజ్ పొట్లం తాతగారి కాలం నాటి రేజర్‌కు కూడా సరిపోతుంది. మన సెలూన్లలో కాగితం విప్పకుండానే నిలువునా రెండుగా విరిచి ఉస్తరాలో పెట్టేదీ ఇదే బ్లేడు.

ముందు లోహం సంగతి. బజారులో తక్కువ ధరకు దొరికే రేజర్లు ఎక్కువగా జమాక్‌వి. తుత్తునాగంలో కొంచెం అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిపిన మిశ్రమం అది. నాలుగు వందల డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి అచ్చులో పోయడం తేలిక, ఖర్చూ తక్కువ. పైన క్రోమ్ పూత వేస్తారు. పూత చెక్కుచెదరనంత కాలం ఇబ్బంది లేదు. జర్మనీలో పేరున్న మెర్కూర్, మ్యూలె రేజర్ల తలలు కూడా చాలావరకు జమాక్‌వే. పూత దిట్టంగా ఉండటం వల్ల అవి ఏళ్ళ తరబడి నిలుస్తాయి. నాసిరకం సరుకులో పూత ముందుగా మర దగ్గర లేస్తుంది, ఎందుకంటే రోజూ రాపిడి అక్కడే. లోపలి తుత్తునాగానికి నీళ్ళూ సబ్బూ తగిలితే బూడిదరంగు బుడిపెలు వస్తాయి, తర్వాత ఒకరోజు బిగిస్తుండగానే పైమూత కాడ విరిగిపోతుంది. జమాక్ రేజర్‌కు చావు దాదాపు ఎప్పుడూ ఆ కాడ దగ్గరే.

ఇత్తడి వేరు. 20వ శతాబ్దం మధ్య దాకా వచ్చిన జిలెట్ రేజర్లు చాలామటుకు ఇత్తడివే. ఇప్పటికీ పాతసామాన్ల బజారులో దొరికిన వాటిని కడిగి వాడుకునేవాళ్ళున్నారు. పైన నికెల్ పూత పోయినా లోపలి ఇత్తడి తట్టుకుంటుంది. అమెరికాలో తయారైన పాత జిలెట్ కొనేవాళ్ళు అడుగున చెక్కిన అక్షరం, అంకె చూడాలి. 1951 నుంచి అక్షరం ఏడాదినీ, అంకె మూడు నెలల కాలాన్నీ చెబుతాయి.

స్టెయిన్‌లెస్ స్టీలు అన్నిటికన్నా మన్నికైనది. అందులోనూ 316 రకం ఉప్పునీటికి కూడా తొణకదు కాబట్టి విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఉండేవాళ్ళకు నేను చెప్పేది అదే. పూత అవసరం లేదు కాబట్టి పోయే పూతా లేదు. ధర మాత్రం బాగా ఎక్కువ. అల్యూమినియం తేలిక. ఆనొడైజ్ చేసినదైతే ఫరవాలేదు, చేయనిది సబ్బులోని క్షారానికి నల్లబడుతుంది.

కొట్టులో వీటిని తేల్చుకోవడం కష్టమేమీ కాదు. అయస్కాంతం పెట్టి లాభం లేదు, ఇత్తడికీ జమాక్‌కూ రెండింటికీ అంటుకోదు. తల ఒక్కటీ విప్పి అరచేతిలో తూచి చూడండి. ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.5 గ్రాముల దగ్గర, స్టీలుది 8, జమాక్‌ది 6.7. ఒకే పరిమాణంలో ఉన్న రెండు తలలు పట్టుకుంటే తేడా చేతికే తెలుస్తుంది. పిడి బరువు చూసి మోసపోవద్దు, జమాక్ తలకు బరువైన పిడి తగిలించడం మామూలే. తర్వాత మర చూడండి. మరచుట్లు తేటగా ఉండాలి, పైమూత కాడ పిడిలోకి కిరకిరలాడకుండా దిగాలి. పైమూత, అడుగు ప్లేటు, పిడి విడివిడిగా వచ్చే మూడు ముక్కల రేజర్లలో ఈ మర చాలావరకు ఐదు మిల్లీమీటర్లదే. పిడి పాడైతే ఇంకో పిడి తెచ్చి తగిలించుకోవచ్చు. పిడి అడుగున తిప్పితే సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకునే రకం చూడముచ్చటగా ఉంటుంది కానీ, లోపలి కీళ్ళలో సబ్బు మడ్డి చేరుతుంది, అరిగే భాగాలూ ఎక్కువ. మన్నిక కావాలంటే మూడు ముక్కలదే నా ఎంపిక.

ఇక మెత్తదనం. పెట్టె మీద ఏం రాసినా నమ్మనక్కర్లేదు, రేజర్‌నే అడగవచ్చు. బ్లేడు వేసి బిగించి, తల పక్కభాగాన్ని కంటి ఎత్తుకు తెచ్చి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పైమూత అంచు, బ్లేడు అంచు, కింద అడ్డుపట్టీ, ఈ మూడూ కనిపిస్తాయి. ఒక విజిటింగ్ కార్డు అంచును పైమూతకూ అడ్డుపట్టీకీ ఒకేసారి తగిలేలా ఆనించండి. ఈ కార్డే మీ చర్మం అనుకోవాలి. బ్లేడు అంచు కార్డును తాకకుండా లోపలే ఉంటే అది చాలా మెత్తన రేజర్. సరిగ్గా తాకితే మధ్యరకం. కార్డును తోసుకుని బయటికి వస్తే దూకుడు రేజర్. జపాన్ ఫెదర్ కంపెనీ వారి ఏఎస్-డీ2 మొదటి కోవలోది. మ్యూలె ఆర్41 మూడో కోవలోది. అదే మ్యూలె ఆర్89 మెత్తనిది. పిడి ఒకటే కాబట్టి తెలియనివాళ్ళు రెండూ ఒకటే అనుకుంటారు, ముఖం మీద మాత్రం పోలికే లేదు.

మెత్తదనాన్ని తేల్చే రెండో కొలత సందు. బ్లేడు అంచుకూ అడ్డుపట్టీకీ మధ్య ఎంత ఖాళీ ఉందన్నది. మోటార్‌సైకిల్ మెకానిక్ టాపెట్లు సరిచేయడానికి వాడే ఫీలర్ గేజ్ ఉంటే దీన్ని ఇంట్లోనే కొలవచ్చు. ఉజ్జాయింపుగా 0.6 మిల్లీమీటర్ల లోపు మెత్తన, 0.9 దాటితే దూకుడు. రాక్‌వెల్ 6ఎస్ రేజర్‌కు ప్లేట్లు మార్చుకుంటూ 0.2 నుంచి 0.8 దగ్గరి దాకా ఆరు మెట్లలో వెళ్ళవచ్చు. తన ముఖానికి ఏది సరిపోతుందో తెలియనివాళ్ళకు ఇది మంచి దారి. 1958లో జిలెట్ తెచ్చిన ఫ్యాట్‌బాయ్‌లోనూ 1 నుంచి 9 వరకు తిప్పుకునే ఏర్పాటు ఉంది.

సందు ఒక్కటే చూసి తీర్పు చెప్పేవాళ్ళతో మాత్రం నేను ఏకీభవించను. బ్లేడును పైమూత ఎంత దూరం దాకా అదిమి పట్టుకుంటుందన్నది అంతకన్నా ముఖ్యం. పట్టు అంచుకు దూరంగా ఆగిపోతే ఆ మిగిలిన రేకు గట్టి వెంట్రుక తగిలినప్పుడల్లా అదురుతుంది. అలాంటి రేజర్ సందు చిన్నదైనా చర్మాన్ని గీరుతుంది. అంచు దాకా గట్టిగా పట్టుకున్న రేజర్ సందు కాస్త పెద్దదైనా హాయిగా సాగిపోతుంది. దువ్వెన పళ్ళలా ఉండే అడ్డుపట్టీ అంటే దూకుడేనన్న నమ్మకమూ అంతే. పళ్ళు నురగనూ పెరిగిన గడ్డాన్నీ దారి మళ్ళించకుండా బ్లేడుకు అందిస్తాయి. దూకుడును నిర్ణయించేది మాత్రం పైన చెప్పిన కొలతలే.

అసలు పరీక్ష ముఖం మీదే. స్నానం తర్వాత గడ్డం రెండు మూడు నిమిషాలైనా నీటిలో నానాలి. వెంట్రుకలు ఎటు పెరుగుతున్నాయో వేలితో తడిమి చూసుకోండి, మెడ కింద చాలామందికి అడ్డంగా పెరుగుతాయి. ఒకే రకం బ్లేడు, ఒకే సబ్బు పెట్టుకుని రెండు వారాలు వాడాలి. బ్లేడు, రేజర్ ఒకేసారి మారిస్తే మంట దేనివల్లో తేలదు. పైమూతను చర్మానికి ఆనించి, బ్లేడు చర్మంతో సుమారు ముప్ఫై డిగ్రీల కోణంలో ఉండేలా పిడిని నెమ్మదిగా దించండి. తెగుతున్న చప్పుడు సన్నగా వినబడుతుంది. నొక్కవద్దు, బరువు రేజర్‌దే. మొదటి వారం వెంట్రుక పెరిగిన దిక్కుగానే గీయండి. సెలూన్లో అడిగే ఆ 'రివర్స్' తర్వాత చూసుకోవచ్చు.

గీసుకున్నాక తడి ముఖం మీద పటిక రాయండి. సెలూన్లలో తరతరాలుగా వాడుతున్న ఆ బిళ్ళకన్నా నిజాయితీ గల పరీక్షకుడు లేడు. చర్మం కంటికి బాగానే కనిపించినా ఎక్కడ గీరుకుపోయిందో అక్కడ చురుక్కుమంటుంది. ఒకే చోట రోజూ చురుక్కుమంటే మీ కోణంలో తేడా ఉంది. రెండు వారాల తర్వాత కూడా ముఖమంతా మండుతుంటే ఆ రేజర్ మీకు ఎక్కువ.

ఇక్కడొక మాట తప్పక చెప్పాలి. మెత్తదనం ఎక్కువైనా నష్టమే. ముతక గడ్డానికి మరీ మెత్తన రేజర్ వాడితే ఒకే చోట నాలుగైదు సార్లు గీయాల్సి వస్తుంది, ఆ మంట దూకుడు రేజర్ పెట్టే మంటకు ఏమీ తీసిపోదు. రెండు విడతల్లో గడ్డం పోయి, పటిక చల్లగా తగిలితే ఆ రేజర్ మీకు సరిపోయినట్టు. చెంప నున్నదనానికి మార్కులు వేయడం మానండి. వెంట్రుక ఉంగరాలు తిరిగే వాళ్ళకు మరీ నున్నగా గీయడమే ప్రమాదం. మూడు నాలుగు బ్లేళ్ళ కార్ట్రిడ్జ్ వెంట్రుకను లాగి చర్మం మట్టానికి కిందుగా కోస్తుంది. అది తిరిగి లోపలే పెరిగి పొక్కవుతుంది. ఒక్క బ్లేడు మెత్తగా గీసే రేజర్ వాళ్ళకు పెద్ద ఊరట.

మన బోరు నీళ్ళు చాలాచోట్ల కఠినమైనవి. నురగ సరిగా రాదు, ఆరిన రేజర్ మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది. పని అయ్యాక మర వదులు చేసి, శుభ్రంగా కడిగి, నీళ్ళు దులిపి బాత్రూం బయట ఆరబెట్టండి. వారానికోసారి గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్షు చాలు. ఇత్తడి బిందెలకు అలవాటైన చేత్తో పూత వేసిన రేజర్‌ను చింతపండుతోనో నిమ్మచెక్కతోనో తోమవద్దు. పూతలో సూదిమొన అంత రంధ్రమున్నా ఆ పులుపు లోపలి తుత్తునాగాన్ని తినేస్తుంది.

మొదటిసారి కొనేవాళ్ళకు నా సలహా: సందు తక్కువగా, పట్టు గట్టిగా ఉన్న మూడు ముక్కల రేజర్ తీసుకోండి. చేతిలో డబ్బు ఆడితే స్టీలు, లేకుంటే ఇత్తడి, అదీ కుదరకపోతే పూత గట్టిగా ఉన్న జమాక్. ఈ పద్ధతిలో పారేసేది బ్లేడు ఒక్కటే కాబట్టి దాని బాధ్యత మనదే. అమెరికాలో పాత ఇళ్ళ బాత్రూం గోడలకు వాడిన బ్లేళ్ళు జారవిడిచే సన్నటి చీలిక ఉండేది. మనం ఒక రేకు డబ్బా మూతకు అలాంటి చీలిక కోసుకుంటే చాలు. డబ్బా నిండాక మూత బిగించి, పైన 'బ్లేళ్ళు' అని పెద్దక్షరాలతో రాసి, చెత్త బండి వచ్చినప్పుడు విడిగా చేతికివ్వండి. మన చెత్తను ఒట్టి చేతులతో వేరుచేసే పారిశుద్ధ్య కార్మికులు ఇప్పటికీ ఉన్నారు.